అడగందే అమ్మయినా పెట్టకూడదు

మొన్న సాయంత్రం మా పై వాటాలో ఉండే అమ్మాయి తన కూతుర్ని చంకనేసుకుని వచ్చి, ఫోన్లో స్పీచ్ థెరపిస్టు బొమ్మలు చూపిస్తూ పాఠం చెబుతుంటే ఇది వేలితో పక్కకి తోసేస్తోందని వాపోయింది. విజయనగరంలో అదే పని చేసి రిటైరైనదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పి పంపాను గాని, వాళ్ళు మెట్లెక్కి వెళ్ళాక ఇల్లు మరీ బోసిపోయినట్టయి, లైటు వెయ్యడం కూడా మరిచి అలాగే కూర్చుండిపోయాను.

మన కాలంలో ఇలాంటి చదువొకటుందని ఎవరికి తెలుసు చెప్పండి! మా ఇంట్లో తాతగారి దగ్గర్నుంచీ అందరూ పాఠాలు చెప్పుకుని బతికినవాళ్ళే, అయినా నేను మైసూరు వెళ్ళి చదువుతానంటే, మాటలు నేర్పడానికి కూడా ఒక చదువా, నాలిక మీద వస రాస్తే సరిపోదా అని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. అక్కడ అద్దం ముందు కూర్చుని నాలిక ఎక్కడ తగిలితే ఏ అక్షరం పలుకుతుందో నేర్చుకున్నాం. పిల్లలు ఆడే ఆటకల్లా మనమే మాటలు అల్లుతూ, ఒక మాట అని ఆగి, జవాబు కోసం కాచుకోవడం నేర్చుకున్నాం. ఆ కాచుకోవడమే అసలు విద్య. తిరిగొచ్చాక ఆస్పత్రిలో ఎక్స్‌రే గది పక్కన చిన్న గదిలో చాప పరుచుకుని, పలకని పిల్లల ఎదుట రోజంతా నేనొక్కదాన్నే మాట్లాడేదాన్ని. సాయంత్రం అద్దె గదికి చేరితే, కాఫీ తాగావా అని అడిగే మనిషైనా ఉండేది కాదు.

శృంగవరపుకోట దగ్గర పల్లె నుంచి ఒక నాయనమ్మ మనవరాలిని తీసుకొచ్చేది. పిల్లకి నాలుగేళ్ళొచ్చినా నోట మాట లేదు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి, చెప్పినదంతా అర్థమవుతుంది. బడిలో చేర్పించబోతే మాటలొచ్చాకే తీసుకురమ్మన్నారట. ఊళ్ళో దీనికి మూగదన్న పేరే స్థిరపడిపోతుందేమోనని ఆ ముసలామె బెంగ. అదొక్కటే కారణమని అనను గాని, ఆ పిల్ల కన్ను ఎటు తిరిగితే నాయనమ్మ చెయ్యి అటు వెళ్ళిపోయేది, నోరు విప్పే అవసరమే రానిచ్చేది కాదు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పుకుంటాం గాని, మన ఇళ్ళలో అడక్కుండా పెట్టడమే కదా ప్రేమంటే! ఏదో ఒక శబ్దం చేసి అడిగేదాకా ఇవ్వొద్దని నేను చెబితే ఆమెకి ఒళ్ళు మండింది.

"నోరు లేని గుంటని ఏడిపించమంతావేటమ్మా? నువ్వు పిల్లల్ని కన్నావేటి?"

నేను పెళ్ళే చేసుకోలేదు. ఆ మాట సూటిగా తగిలింది, అయినా నా పట్టు వదల్లేదు.

ఒక వేసవిలో ఆమె తాటిముంజలు తెచ్చింది. ఒకటి వొలిచి, నా వైపు కోపంగా చూసి, ఇవ్వకుండా పట్టుకుని కూర్చుంది. పిల్ల చెయ్యి చాచింది, చీర లాగింది, కాళ్ళు నేలకేసి కొట్టుకుంది. ముంజ నీళ్ళు మోచేతిదాకా కారుతున్నా, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ముసలామె చెయ్యి దించలేదు. ఇక చాలు, ఇచ్చెయ్యమ్మా అందామని నాకే నోటిదాకా వచ్చింది. అంతలో ఆ పిల్ల ఏడుపు దిగమింగి "ఇయ్యి" అంది.

ఆమె ముంజలన్నీ పిల్ల ఒళ్ళో పోసి, ఎత్తుకుని, వరండాలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సంతోషం చెప్పుకోవడానికి నాకు మాత్రం మనిషి లేక, చాప మీద తొక్కలు ఏరుకుంటూ చాలాసేపు ఉండిపోయాను. తర్వాత కొన్నాళ్ళు వచ్చారు, ఆపైన మానేశారు. మా పనిలో చిత్రమే అది, బాగైన పిల్ల మళ్ళీ రాదు, రాకూడదు కూడా.

కొన్నేళ్ళకి శృంగవరపుకోట సంతలో ఇద్దరూ కనిపించారు. పిల్ల బడి యూనిఫాంలో వసపిట్టలా వాగుతూ చేమంతులు బేరమాడుతోంది. నాయనమ్మ నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని, "ఒసే, నీకు మాటలు నేర్పింది ఈయమ్మేనే" అంది. పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "నాకు ఒకలు మాటలు నేర్పడమేటే, నానమ్మా!" అని పకపకా నవ్వి మళ్ళీ బేరంలో పడిపోయింది. నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు గరివిడి లాంటి చిన్న ఊళ్ళో కూడా థెరపీ సెంటరంటే ఏమిటని ఎవరూ అడగరు, తల్లులు పిల్లల ప్రతి మాటా వీడియో తీసి దాచుకుంటున్నారు, మంచిదే. సంతలో నన్ను గుర్తుపట్టని ఆ పిల్లది మాత్రం ఏం తప్పు? మాటలు రాకముందు నాళ్ళు ఎవరికి గుర్తుంటాయి? నా చాప మీద మాటలు నేర్చుకున్న పిల్లలందరికీ నేను ఆ నాళ్ళలోని మనిషిని.