బాంబూఫ్లాట్‌లో పచ్చి కూరముక్కలు

మా చెల్లెలు నూకరత్నం పెళ్ళి చేసుకుని అండమాన్ వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళు. ఆ పెళ్ళి నాకిష్టం లేక, అది రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఈ వేసవిలో దాని భర్త సింహాచలం కార్డు రాశాడు: "రత్నానికి మలేరియా తగ్గింది గాని నోటికేదీ సయించడం లేదు. మిమ్మల్నే తలుస్తోంది." విశాఖపట్నంలో నేను వంట చేసే గెస్ట్‌హౌస్‌లో సెలవడిగి ఓడెక్కాను.

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. బంకు క్లాసులో పై బెర్తు దొరికింది. పూటపూటకీ పప్పూ, బంగాళదుంప కూరే. కింది బెర్తులో, పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉండే పెద్దాయన, "అక్కడ చేపకి లోటు లేదమ్మా. కూరగాయలే ఓడ మీద రావాల. ఈ ఓడ అడుగునున్నవీ అవే" అన్నాడు.

నాలుగోరోజు పొద్దున్న ఏడింటికి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. గోల్ ఘర్ బజారులో టీ తాగి, కీర దోసకాయలు, టమాటాలు, ఉల్లిపాయలు కొన్నాను. వెనిగర్ అడిగితే కొట్టతను, "సిర్కాయా దీదీ?" అంటూ సీసా తీసిచ్చాడు. పది గంటల ఫెర్రీలో పావుగంటకి రత్నం వాళ్ళుండే బాంబూఫ్లాట్ చేరాను.

రత్నం గుమ్మంలోనే ఉంది. సగమైపోయింది.

"ఒచ్చీసినావా అప్పా" అని పక్కకి తప్పుకుంది. అంతే.

దాని కూతురు, ఏడేళ్ళది, నన్ను ఎగాదిగా చూసి, "మా, యే కౌన్ హై?" అంటూ నేనెవరో అడిగింది.

"మౌసీ, మీ పెద్దమ్మ. నాకు అప్ప."

తెచ్చిన సంచీతో వంటింట్లోకి వెళ్ళాను. గెస్ట్‌హౌస్‌లో చేసినట్టే కీరా, టమాటా ముక్కలు తరిగాను. ఉల్లిపాయ సన్నగా చీరి నీళ్ళలో వేసి పిండాను. ఖాళీ సీసాలో చెంచా సిర్కా, మూడు చెంచాల నువ్వులనూనె, ఉప్పు, మిరియాల పొడి వేసి, సిర్కా, నూనె కలిసి చిక్కబడేదాకా గిలక్కొట్టి ముక్కల మీద పోశాను.

"పొయ్యి మీద పెట్టవా?" అంది రత్నం.

"ఇలాగే తినాలి. ఉడికిస్తే పాడవుతుంది."

ఒక ముక్క నోట్లో వేసుకుంది. మరొకటి. గిన్నె ఒళ్ళోకి లాక్కుని నెమ్మదిగా అంతా తినేసింది.

"ఒక్క ఉత్తరం రాసుంటే నీకేటి పోయింది?" అంది, గిన్నెలోకే చూస్తూ.

"తప్పు నాదే రత్నం."

గిన్నె పక్కన పెట్టి నా భుజం మీద తల ఆన్చింది. అప్పుడే వేటనుంచి వచ్చిన సింహాచలం మమ్మల్నలా చూసి, చేపల బుట్ట గుమ్మంలోనే దించి బయట కూర్చున్నాడు.

నేను దిగిన నాలుగోరోజునే ఓడ తిరిగి బయల్దేరింది. తర్వాతది నెలకి గాని లేదు, నా సెలవు అంతవరకు లేదు; అదే ఓడెక్కాను. నాతో వచ్చెయ్యమని రత్నాన్ని అడగాలనే వెళ్ళాను. అడగలేదు. దాని ఇల్లు అక్కడే.

డెక్కు మీద నిలబడితే రెండు గంటలసేపు దీవులు కనిపించాయి, తర్వాత నీళ్ళే. చూడదగ్గవి అక్కడ చాలా ఉన్నాయంటారు. నేనొక్కటీ చూడలేదు. మీవాళ్ళెవరైనా అక్కడుంటే మాత్రం, వెళ్ళిన ఓడలోనే తిరిగొచ్చెయ్యకండి.