అత్తగారి పెరుగన్నం

ఆరేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పకే. ఆడింది నేను, మోస్తున్నది మా అత్తగారు. ఆవిడకు ఆ సంగతి తెలియదు. తప్పంతా తనదే అనుకుంటోంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అనకాపల్లిలో ఉంటాను, ఒక ఆడపిల్ల తల్లిని, అంతవరకు చాలు. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీకు చెబుతున్నాను. మధ్యమధ్య నన్ను నేను సమర్థించుకుంటానేమో. పోనివ్వండి. సమర్థించుకోకుండా చెప్పడం నాకింకా చేతకావడం లేదు.

అప్పుడు మా పాపకు రెండేళ్లు నిండి నెల. వేసవి సెలవులు. మా ఆయన స్కూలు టీచరు. హైదరాబాదు వెళ్దాం, ఊరి బయట పెద్ద పార్కుంది, నీళ్ల ఆటలు, రంగులరాట్నాలు, జెయింట్ వీలు, రోజంతా అక్కడే గడిపేయొచ్చు అన్నారు. "పాప భలే ఎంజాయ్ చేస్తుంది" అన్నారు. రెండేళ్ల పిల్ల అక్కడ ఏం ఎంజాయ్ చేస్తుందని అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే నాకూ వెళ్లాలనుంది. పెళ్లయ్యాక వైజాగ్ బీచి దాటి నేనెక్కడికీ వెళ్లింది లేదు.

మేం ముగ్గురం, మా ఆడపడుచు పిల్లలిద్దరు, అత్తగారు. అత్తగారిది ఎస్. రాయవరం దగ్గర పల్లె. చెరుకు తోట, గేదెలు, ఎప్పుడూ తెమలని పని. అవన్నీ మామగారికి అప్పజెప్పి మాతో వచ్చిందంటే పార్కు చూడ్డానికి కాదు, పాప కోసం. మా ఇళ్లలో పిల్లలందరికీ మొదటి ముద్ద ఆవిడ చేత్తోనే. తిననని మొండికేసే పిల్లకైనా మెత్తగా కలిపి, ఏ గేదె గురించో కాకి గురించో కబుర్లు చెబుతూ గిన్నె ఖాళీ చేయించేది. నేను పెడితే ఉమ్మేసే మా పాప, ఆవిడ పెడితే నోరు తెరిచేది. అది చూస్తే నాకు కాస్త మండేది. ఇదీ చెప్పాలి కదా.

రైల్లో పాప కన్ను మూయలేదు. పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకు నడిపిస్తూనే ఉండాలి. ఆపితే కేక. ఎవరెవరివో చెప్పులన్నీ ఏరి తెచ్చి మా సీటు కింద పోగేసింది. తెల్లారాక వాళ్లంతా వరసగా వచ్చి తమ చెప్పులు వెతుక్కుంటుంటే నేను తలొంచుకుని కూర్చున్నాను. హైదరాబాదులో అత్తగారి చెల్లెలింట్లో దిగాం. మర్నాడు పొద్దున అత్తగారు మెత్తగా అన్నం వండి, చేత్తో మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఓ చెంచాడు పెరుగు కలిపి స్టీలు డబ్బాలో పెట్టింది. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. బయటి తిండి లోపలికి తేకూడదట గానీ, పసిపిల్లకని చెబితే గేటు దగ్గర వదిలేశారు.

ఆ పార్కులో మా పాపకు నచ్చినది ఒకే ఒక్కటి. కప్ప ఆకారంలో ఉన్న చెత్తడబ్బా.

నిజం. అంత దూరం వచ్చి, అన్ని రంగుల మధ్య, దాని నోట్లో చెయ్యి పెట్టడం, తీయడం. పక్కకు లాగితే ఏడుపు. రాట్నం గుర్రం మీద కూర్చోబెడితే దిగుతానని ఏడుపు, దించితే ఎక్కుతానని ఏడుపు. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషెవరో పాపం ప్రేమగా చెయ్యి ఊపితే, నా భుజం కొరికి మరీ ఏడ్చింది. నీళ్లలో దింపితే వణికింది, తీస్తే తన్నింది. ఒక చెప్పు ఎక్కడో పారేసింది. మా ఆయనేమో, "నువ్వు పాపను చూసుకో, పిల్లల్ని నేను తిప్పుతా" అని వెళ్లడం, ముగ్గురూ తడిసి నవ్వుకుంటూ రావడం, "సూపరుందే!" అనడం, మళ్లీ వెళ్లడం. ఎవరికి సూపరు? అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బెంచీ మీద కూర్చుని, "గుంటకి నిద్దరొత్తందే, బుజమ్మీదేసుకుని తిప్పు" అనేది. తిప్పుతూనే ఉన్నాను. పొద్దుటి నుంచీ నేను చేస్తున్నది అదే.

పన్నెండున్నరకు అత్తగారు డబ్బా తీసి పాపకు సగం పెరుగన్నం పెట్టింది. తర్వాత మా ఆయన ఆవిడనీ పిల్లల్నీ క్యాంటీనుకు తీసుకెళ్లారు. "మేం తినేసి వచ్చాక నువ్వు వెళ్దువుగాని" అన్నారు. నేనూ పాపా మిగిలాం. పాప సిమెంటు నేల మీద పడుకుని కాళ్లతో తన్నుకుంటూ ఏడుస్తోంది. అటూ ఇటూ వెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నారు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ, "పాపకి నిద్రొస్తున్నట్టుందండీ" అని చెప్పి వెళ్లింది. నాకు తెలియదు మరి.

సంచిలో జలుబు మందు సీసా ఉంది. అంతకు నెల ముందు జలుబు చేస్తే మా ఊరి డాక్టరుగారు రాశారు. "దీనికి మత్తు వస్తుందమ్మా, అర చెంచా దాటనివ్వకు" అని రెండుసార్లు చెప్పారు. ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండే ఆ సీసా బయటకు తీశాను. అప్పుడు పాపకు జలుబు లేదు. చెంచా నిండా పట్టాను. పది నిమిషాలు చూశాను. ఏడుపు ఆగలేదు. మరో చెంచా పట్టాను.

నేనేం అనుకున్నాను అప్పుడు? పిల్లకు ఏమైనా అవుతుందని అనుకోలేదు, అది నిజమే. కానీ ఏమీ కాదని కూడా అనుకోలేదు. అసలు పిల్ల గురించే అనుకోలేదు. ఒక్క గంట కావాలి అనుకున్నాను. నా చేతులు నాకు ఒక్క గంట కావాలి. అంత పెద్ద కోరికా అది? ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, ఆ గంట నాకు ఎవరూ ఇవ్వనందుకు, నేను నోరు తెరిచి అడగనందుకు.

పాప పడుకుంది. నాకు ఆకలి వేసింది. డబ్బాలో మిగిలిన పెరుగన్నం నేను తినేశాను. చాలా బాగుంది.

వాళ్లు తిరిగొచ్చాక పాపను అత్తగారి ఒళ్లో పడుకోబెట్టి, ఆయనతోనూ పిల్లలతోనూ వెళ్లాను. జెయింట్ వీలు ఎక్కాను. పైకి వెళ్లాక గాలి మొహానికి కొట్టింది. కింద మనుషులు చిన్నగా కనిపించారు. నా కొంగు పట్టుకుని ఎవరూ లాగడం లేదు. గట్టిగా నవ్వాను. ఆయన ఆశ్చర్యంగా నావైపు చూశారు. రెండోసారి కూడా ఎక్కాం. ఆ గంట బాగుంది. బాగాలేదని ఇప్పుడు రాస్తే అది ఇంకో అబద్ధం.

దిగి వస్తుంటే అత్తగారి కేక వినబడింది.

"ఓలమ్మో, గుంట పలకట్లేదే! బేగి రండి! పిలిత్తే కళ్లు తెరవట్లేదు, కక్కేసింది!"

ఆవిడ చీరంతా వాంతి. పాప మెడ వాలిపోయింది. ఎత్తుకుంటే తడిబట్టలా జారిపోతోంది. మా ఆయన పిల్లను లాక్కుని పరిగెత్తారు. పార్కు వాళ్లే బండిలో దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చారు. బండిలో నేను పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను. నాకు కారణం తెలుసు. ఆ బండిలో ఉన్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

డాక్టరుగారు కళ్లలో లైటు వేసి చూశారు. నావైపు తిరిగారు.

"పాపకి ఏమైనా మందు పట్టారా అమ్మా?"

"లేదండీ."

ఆలోచించి చెప్పిన మాట కాదు. కానీ నిజం చెప్పడానికీ ఆలోచించక్కర్లేదు కదా? ఆయన ఒక్క క్షణం ఆగారు. చెబుతానేమోనని ఆగినట్టే అనిపించింది.

"ఏం తింది?"

అత్తగారు ముందుకొచ్చింది. ఖాళీ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది, మిగతా సగం కూడా పాపే తిందనుకుంది కాబోలు.

"పెరుగన్నం బాబూ. పొద్దుట కలిపేను. నానే ఎట్టేను."

"ఏటమ్మా!" మా ఆయన గొంతు ఆ గది దాటి వినబడింది. "ఇంత ఎండలో పొద్దుటెప్పుడో కలిపిన అన్నం పసిపిల్లకి పెడతావేటి? బుద్ధుందా నీకు?"

ఆయన తల్లి మీద కేకలేయడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆవిడ "నిజవే నాయనా, నా బుద్ధి గడ్డి తింది" అంది. అదే అన్నం తిని, ఏ నొప్పీ లేకుండా, నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. చెబితే మా ఆయన ఆ కళ్లతో నన్ను చూస్తారు. వాళ్ల చుట్టాలందరూ చూస్తారు. పిల్లకు మత్తు పెట్టి ఊయలలూగింది అంటారు. వాళ్లు అనేది అబద్ధమూ కాదు. నేను నోరు మూసుకున్నాను.

వాళ్లకు కారణం తెలియదు కాబట్టి అన్నీ వెతికారు. రక్తం తీశారు. సెలైన్‌కి నరం దొరకలేదు. రెండు చేతులకూ గుచ్చారు, తర్వాత పాదానికి గుచ్చారు. మూడో సూదికి పాప కదిలి సన్నగా ఏడ్చింది. ఏడుస్తోందని మా ఆయన ఏడ్చారు. నేను బాత్‌రూముకు వెళ్లి, తలుపు గడియ పెట్టి, సీసాలో మిగిలిన మందు పారబోశాను. సీసాను డైపర్లో చుట్టి బుట్టలో పడేశాను. భయంతో నోరు జారడం ఒకటి, ఇది ఒకటి. ఇది మాత్రం ఆలోచించే చేశాను.

సాయంత్రానికి పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. తిండి పడకపోయి ఉండొచ్చు, ఎందుకైనా మంచిది ఈ పూట ఇక్కడే ఉంచుదాం అన్నారు డాక్టరుగారు. మర్నాడు పంపించేశారు. మిగతా ఊరు చూడకుండానే అనకాపల్లి వచ్చేశాం. పాపకు ఏ లోటూ రాలేదు. ఇప్పుడు మూడో తరగతి. ఆ పార్కు గురించి ఏమీ గుర్తులేదు.

లోటు అత్తగారికి వచ్చింది. మా ఆయన రెండు రోజుల్లో మామూలైపోయారు గానీ మాట ఊరుకుంటుందా? ఆడపడుచు పిల్లలు వాళ్లమ్మకు చెప్పారు, ఆమె ఇంకెవరికో చెప్పింది. చెప్పేకొద్దీ అన్నం పాసిపోయింది, డబ్బా కంపు కొట్టింది, పిల్ల చచ్చి బతికింది. ఆవిడ ఎవరితోనూ కాదనలేదు. పిల్లలకు అన్నం కలపడం మానేసింది. ఎవరూ మానమనలేదు, తనే మానేసింది. పాపకు నాలుగేళ్లప్పుడు కాబోలు, "నాన్నమ్మా, నువ్వు పెట్టు" అని పళ్లెం పట్టుకుని వెళ్తే, ఆవిడ చేతులు కొంగులో దాచుకుని, "అమ్మనడుగు తల్లీ, అమ్మెడతాది" అంది. నేను వంటింట్లోంచి విన్నాను. విని, పోపు మాడిపోతోందని పొయ్యి వైపు తిరిగాను.

ఇన్నేళ్లూ నాకు ఒక సాకు ఉండేది. ఇప్పుడు చెప్పి ఏం లాభం, అందరూ మరిచిపోయారు కదా, అని. మరిచిపోలేదని పోయిన నెల తెలిసింది. మా మరిది కొడుక్కి అన్నప్రాశన. పీట వేశారు, వెండి గిన్నెలో పాయసం పెట్టారు. మొదటి ముద్ద పెట్టాల్సింది అత్తగారు, మా ఇంటి అలవాటు అది. మా మరిది ఆవిడను పిలిచాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయి కోడలి మొహంలోకి చూసింది. మా తోటికోడలు చెడ్డమనిషి కాదు. మెల్లగానే అంది.

"మీరొద్దులెండి అత్తయ్యా. అక్క పెడతాది."

గదిలో ఎవరికీ తప్పనిపించలేదు. అత్తగారు తలూపి నావైపు తిరిగింది.

"అవునమ్మా, నువ్వెట్టు. నీ సెయ్యి మంచిది."

పెట్టాను. పిల్లాడు చప్పరించి నవ్వాడు. అందరూ ఫోటోలు తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. వెనక అత్తగారు సగం కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి నాకు నా మీద చెప్పలేనంత విసుగు. ఏడుపు రాదు, విసుగే వస్తోంది. రెండేళ్ల పిల్ల ఒక రోజు విసిగిస్తే ఓర్చుకోలేకపోయినదాన్ని, ఆరేళ్లుగా నన్ను నేను ఎలా భరించాను? ఆవిడకు చదువు రాదు. ఇక్కడ రాసే ధైర్యం అందుకే వచ్చిందా? కావచ్చు. ఆవిడ ముందు నిలబడి చెప్పే రోజు వస్తుందా? రేపే చెబుతానని మీకు మాటిచ్చి మిమ్మల్ని కూడా మోసం చేయను. ఎన్నో రేపులు చూశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీకు నేను చేసిందేమీ లేదు. వినమని మాత్రమే అడుగుతున్నాను. మా అత్తగారు కలిపిన అన్నంలో ఏ దోషమూ లేదు. పాపకు మందు పట్టింది నేను. లేదన్నది నేను. ఆరేళ్లలో ఈ మాటలు నా తల దాటి బయటకు రావడం ఇదే మొదలు. రాసినదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొట్టేయలేదు.