కుప్పం వాళ్ళమని చెప్పి ఓడెక్కాం

ఈ మధ్య మా వీధిలో ఎవరిని కదిపినా ఓడ విహారం మాటే. పెళ్ళిరోజని ఒకరు, రిటైరయ్యామని ఇంకొకరు, ఊరికే ఫొటోల కోసం మరొకరు. డబ్బు కట్టే ముందు నా దగ్గరికి వస్తారు. ఏ ఓడ మంచిది, ఎన్ని రోజులది తీసుకోవాలి, గది పైన ఉంటే మేలా కింద ఉంటే మేలా అని అడుగుతారు. సముద్రానికి ఎంతో దూరాన కొండల మధ్య ఉన్న పుంగనూరు మనిషిని నన్నెందుకు అడుగుతారంటే, మా బజారులో ఓడెక్కి వచ్చిన మొదటి ఆడవాళ్ళం నేనూ, పక్కంగడి ఖుర్షీదూనే. ఎనభైల మొదట్లోని మాట అది. షికారుకు పోతున్నామని ఊళ్ళో చెప్పుకున్నాం గాని, నిజానికి అది ఖుర్షీద్‌కు ఆమె మొగుడు పెట్టిన పరీక్ష.

అప్పట్లో నాది రవికలు కుట్టే అంగడి. పక్కనే బాషా భాయ్, ఖుర్షీద్‌ల గాజుల అంగడి. వారానికొకసారి నేనూ ఆమే సరుకు కోసం బస్సులో మదనపల్లెకు పోయేవాళ్ళం. ఆ కాస్త దూరానికే ఖుర్షీద్‌కు కడుపులో తిప్పేది. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి వాంతులు చేసుకునేది. కండక్టర్లకు ఆమె పేరు తెలియదు గాని కడుపు సంగతి బాగా తెలుసు. ఆమెను చూడగానే కిటికీ పక్క సీటు ఖాళీ చేయించేవాళ్ళు. ఆ ఏడాది బాషా భాయ్ హజ్‌కు పోవాలని నిశ్చయించుకున్నాడు. విమానం వాళ్ళకు అందేది కాదు కనుక బొంబాయి నుంచి ఓడలోనే పోవాలి. వారం పైన పడుతుంది. ఖుర్షీద్ పెళ్ళయిన నాటినుంచి ఈ ఒక్క కోరికతోనే ఉంది. ఆయనేమో ఒకరోజు నా ముందరే తేల్చేశాడు.

"మదనపల్లె పోయొచ్చేలోపలే మనిషి సగమైపోతాది. నడి సముద్రంలో ఈమెను యాడ దించేది అక్కా? ముందు ఏదైనా ఓడెక్కి సూపించమను. కక్కకుండా దిగిందంటే ఇద్దరి పేర్లూ రాస్తా. లేదంటే మా అన్నతో నేనొక్కడ్నే పోతా."

ఖుర్షీద్ చేతిలోని గాజులు సైజుల వారీగా సర్దుతూనే సరేనని తలూపింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేనూ వస్తాను, మా ఆయనా వస్తాడు, ఓడ ఏదో మేమే చూస్తామని అక్కడికక్కడే చెప్పేశాను. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. సొంతూరు కుప్పం. ఆయన పదిమందిని విచారించి రెండు దారులున్నాయని తేల్చాడు. ఒకటి బొంబాయి నుంచి గోవాకు పోయే స్టీమరు. ఒక్క రాత్రి ప్రయాణం, గట్టు పక్కనే పోతుంది. రెండోది మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పోయే ఓడ. అది మూడు రోజులకు పైనే, నాలుగు దిక్కులా నీళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. అందరూ గోవానే మేలన్నారు. నేను ఒప్పుకోలేదు. సరదాగా ఒక సాయంత్రం గాలి పీల్చుకుని రావాలనుకునే వాళ్ళకు గోవా స్టీమరు బ్రహ్మాండం, ఇప్పటికీ అలాంటి వాళ్ళకు ఒక రాత్రి ఓడే తీసుకోమంటాను. కాని వారం రోజుల ప్రయాణానికి గుండె నిబ్బరం కావాలంటే ఒక్క రాత్రి సరిపోదు. ఈత నేర్వాలంటే బావిలో దిగాలి గాని గోలెంలో కాదు. అందుకని మద్రాసు ఓడే ఖాయం చేశాం. తుపాన్ల నెలలు దాటిపోయి ఎండలు ఇంకా ముదరని మాఘమాసం చూసుకుని బయల్దేరాం. బంగాళాఖాతం మీద పోవాలంటే ఇప్పుడైనా అదే అదను.

పుంగనూరు నుంచి మద్రాసుకు చిత్తూరు మీదుగా పోవడం దగ్గర దారి. కాని పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగాలి, ఆ మలుపుల్లోనే ఖుర్షీద్ పని అయిపోతుంది. కాబట్టి పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం చేరి మా బావగారింట్లో ఆ రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున అక్కడే రైలెక్కాం. కాస్త చుట్టయినా ఒళ్ళు అలవకుండా పోయాం. మా తోడికోడలు దారికని బొరుగులు, వేయించిన శనగపప్పు, నిమ్మకాయ ఊరగాయ కట్టిచ్చింది. రైల్లో బాషా భాయ్ హుషారుకు అంతులేదు. గాజుల పెట్టెల మీద కూర్చుని లారీల్లో దేశమంతా తిరిగినవాణ్ణని, బండి ఎంత ఊగితే తనకు అంత నిద్ర పడుతుందని జోలార్‌పేట దాకా చెబుతూనే ఉన్నాడు. ఖుర్షీద్ కొంగు చివర నిమ్మకాయ ముడేసుకుని కిటికీ పక్కన కూర్చుంది.

మర్నాడు హార్బరుకు పోయాం. మాది బంక్ క్లాసు. పెద్ద హాల్లో ఒకదాని మీద ఒకటిగా ఇనప మంచాలు. టికెట్టు ఒక పట్టుచీర ఖరీదంత కూడా లేదు, మాలాంటి వాళ్ళు దాంట్లోనే పోవాలి. మనుషులను లోపలికి సర్దుతున్న సరంగు, అంటే కళాసీల మేస్త్రీ, తమిళాయన. నెరిసిన మీసాలు. మా ఆయనను ఏ ఊరని అడిగాడు. కుప్పం అన్నాడు ఈయన. సరంగు మొహం విప్పారింది. ఏ కుప్పం అని మళ్ళీ అడిగాడు. మా ఆయనకు కొంచెం పౌరుషమొచ్చింది.

"కుప్పమేనప్పా. ఇంకో కుప్పం యాడుండాది?"

సరంగు పకపకా నవ్వి మా ఆయన భుజం తట్టాడు. రద్దీలోంచి మమ్మల్ని తప్పించి, తానే దారి చూపుతూ ఓడ ముందు భాగాన ఉన్న మంచాలు ఇప్పించాడు. అక్కడ గాలి బాగుంటుంది, జనం తక్కువ, మీలాంటి వాళ్ళకు ఇదే తగినదన్నాడు. చూశావా మా ఊరి పేరుకున్న విలువ అన్నట్టు మా ఆయన నావైపు చూసి మీసం తిప్పాడు. నాకూ గొప్పగానే అనిపించింది.

ఒడ్డు కనుమరుగయ్యేదాకా అంతా బాగుంది. తరువాత మొదలైంది. ముందు భాగం కదా, అల వచ్చినప్పుడల్లా మమ్మల్ని పైకెత్తి కిందకు దించుతోంది. ఖుర్షీద్ నిమ్మకాయ పిడికిట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె మొహమే చూస్తూ నేను కూర్చున్నాను. కాసేపటికి నా వెనక వాంతి చప్పుడైంది. తిరిగి చూస్తే బాషా భాయ్. లారీల మీద దేశమంతా తిరిగిన మనిషి తువ్వాలులో మొహం పెట్టుకుని మంచానికి అతుక్కుపోయాడు. ఇక లేవలేదు. ఖుర్షీద్ ఒక కన్ను తెరిచింది, ఇంకో కన్ను తెరిచింది, లేచి మొగుడికి నీళ్ళు పట్టింది. ఆమెకేమీ కాలేదు! పైకి పోయి గాలిలో నిలబడ్డాక తనే చెప్పింది, ఇన్నాళ్ళూ తనకు పడనిది బస్సులోని డీజిలు వాసనేగాని ఊగడం కాదట. పాపం, ఆ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు సముద్రం కావాల్సివచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సరంగు కబుర్లకని వచ్చాడు. మీరు వేసేది పెద్ద వలలా చిన్న వలలా, ఈ ఏడాది చేప ఎలా పడుతోంది అని మా ఆయనను అడిగాడు. ఈయన తెల్లబోయాడు. మాకు చేపలేంటి, మా ఊరి చెరువులో నీళ్ళకే దిక్కులేదు, మేం వేసేది శనక్కాయలు అని తనకొచ్చిన తమిళంలో చెప్పాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మద్రాసు తీరం వెంబడి చేపలు పట్టేవాళ్ళ పేటలన్నీ కుప్పాలేనట. ఆ కుప్పం, ఈ కుప్పం అని వరసగా ఉంటాయట. మేం పుట్టుకతోనే సముద్రం మీద బతికేవాళ్ళమనుకుని, కొత్తవాళ్ళెవరూ తట్టుకోలేని ముందు భాగంలో మమ్మల్ని గౌరవంగా కూర్చోబెట్టాడు. సరంగు తల బాదుకున్నాడు. వెంటనే మమ్మల్ని ఓడ నడిమధ్యకు, కింది అంతస్తుకు మార్పించాడు. అక్కడ ఊపు సగం తగ్గింది. కాని బాషా భాయ్‌కు జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. పోర్ట్ బ్లెయిర్‌లో మా ఆయన భుజం పట్టుకుని దిగాడు.

అక్కడ ఒక సత్రంలో దిగాం. అదే ఓడ తిరిగి బయల్దేరేదాకా ఆగాలి. తిరుగు టికెట్టు అక్కడే వరసలో నిలబడి తీసుకోవాలి కాబట్టి, వెళ్ళేవాళ్ళు దిగిన రోజే ఆ పని చూసుకోవడం మంచిది. పాత జైలు చూశాం, తెల్లటి ఇసుక చూశాం, కొబ్బరి బొండాలు తాగాం. బాషా భాయ్‌కు ఏదీ రుచించలేదు. ఇంక ఓడ మొహం చూడనని, అప్పు చేసైనా ఊరికి విమానంలోనే పోతానని పట్టుబట్టాడు. హజ్ మాట ఎత్తితే, అంగడి అమ్ముకోవాల్సొచ్చినా విమానంలోనే, కాకుంటే ఆ యోచనే వద్దనేశాడు. మగతోడు లేకుండా ఆడమనిషికి హజ్ ప్రయాణం లేదు. పరీక్ష నెగ్గింది ఖుర్షీద్, పోగొట్టుకునేదీ ఆమే. ఇదెక్కడి న్యాయమని నేను నోరు తెరవబోతే, ఖుర్షీద్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంట్లో మొగుడితో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే మనిషి, మేం సాక్షులుగా ఉండాలనేమో, తెలుగులోనే అంది.

"నేను కక్కలేదు, నా మాట నిలబెట్టుకున్నా. ఇప్పుడు నీ మాట నువ్వు నిలబెట్టుకో. కక్కితే కక్కు, నేను పక్కనే ఉండాను. కాని నాతో రా."

బాషా భాయ్ చివరకు మా ఆయనతో, టికెట్లు నాలుగూ ఓడకే తీసుకోమన్నాడు. తిరుగు ప్రయాణం ఖుర్షీద్ పెత్తనంలో జరిగింది. నడిమధ్య మంచం, కింది వరస. కడుపు ఖాళీగా ఉంచకుండా గుప్పెడేసి పొడి బొరుగులు. తెల్లారగానే పైకి తీసుకుపోయి, నీళ్ళ వంక చూడొద్దు, దూరంగా ఆకాశం అంచు చూడమని పక్కన కూర్చునేది. మొదటి రోజు ఆయనకు తిప్పింది, రెండో రోజు తగ్గింది, మూడో రోజు ఓడ క్యాంటీన్‌లో సాంబారన్నం అడిగి మరీ తిన్నాడు. ఖుర్షీద్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోలేదు.

మద్రాసులో దిగాక రిక్షా అతను బాషా భాయ్ చేతిలోని పెట్టె అందుకుంటూ ఏ ఊరని అడిగాడు. మేం ముగ్గురం పక్కనే ఉన్నాం. పుంగనూరులో పుట్టి పుంగనూరులో పెరిగిన మనిషి, కుప్పం అన్నాడు. ఏ కుప్పమని అతను మళ్ళీ అడిగాడు.

"కుప్పమేనప్పా. ఇంకో కుప్పం యాడుండాది?"

ఇన్నేళ్ళ తరువాత కూడా ఓడ గురించి అడిగేవాళ్ళకు నేను ధీమాగా చెప్పేది ఇదే. ఓడ విహారంలో గొప్పతనం భోజనాల్లోనూ దీపాల్లోనూ లేదు. పారిపోవడానికి దారిలేని చోట మనతో వచ్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో, మనమెలాంటివాళ్ళమో తెలిసొస్తుంది. కాబట్టి ఓడ ఎంచుకునేటప్పుడు భయపడేవాళ్ళను కాదు, పక్కన కూర్చుని ధైర్యం చెప్పేవాళ్ళను చూసుకోండి. గది మాత్రం ఓడ నడిమధ్యన, వీలైనంత కింది అంతస్తులో తీసుకోండి. ఆ పై ఏడాది బాషా భాయ్ ఇద్దరి పేర్లూ రాశాడు, ఇద్దరూ బొంబాయిలో ఓడెక్కారు. తిరిగొచ్చి ఖర్జూరాలు నా చేతిలో పెడుతున్నప్పుడు ఓడలో ఎలా ఉందని అడిగాను. మొదటి రెండు రోజులు ఆయన తల తన ఒళ్ళోనే ఉందని ఖుర్షీద్ నా చెవిలో చెప్పింది. బాషా భాయ్ వినేశాడు. "కుప్పం వాళ్ళకు వాంతులేంది అక్కా," అన్నాడు.