దారికి కట్టిన తాడు

మోదుగుగూడెంలో గిటారు ఉన్న మనిషి బొజ్జయ్య ఒక్కడే. తండ్రి డోలు వాయించేవాడు. బొజ్జయ్య ఆరేళ్లు కొత్తగూడెంలో మైకు సెట్ల దుకాణంలో పనిచేశాడు. అక్కడి గని కాలనీ చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. గూడేనికి తిరిగి వస్తూ ఒక పాత గిటారు, ఒక మైకు, ఒక హారను, ఒక యాంప్లిఫయరు, ఒక లారీ బ్యాటరీ తెచ్చుకున్నాడు.

వదిన ముత్తక్క చూసింది.

"ఈ సొరకాయకు తీగెలెందుకు కట్టిన్రు మరిదీ?"

"వాయిస్తే ఎరుకైతది వదినా."

వాయించాడు. కోళ్లు ఎగిరి కప్పులెక్కాయి. ముత్తక్క నవ్వింది. ఆ చప్పుడు కంటే తన గొంతే పెద్దదని ఆమె ధీమా.

డోలు దరువును బొజ్జయ్య తీగెల మీదికి తెచ్చాడు. ముత్తక్క మాట కట్టేది. ఇద్దరూ బండి మీద బ్యాటరీ వేసుకుని గూడెం గూడెం తిరిగారు. భూమి గురించి పాడారు. వినడానికి వచ్చినవాళ్లు ఆడకుండా ఇంటికి పోయేవారు కాదు.

వాగు పక్కన నలభై ఎకరాల పోడు ఉంది. అడవి నరికి, మొద్దులు పెకిలించి చేలు చేసింది గూడెం ఆడవాళ్లు. కాగితం మాత్రం సత్తుపల్లి రైతు వెంకటరామారావు దగ్గర ఉంది. 1986 వేసవిలో సర్వే పడింది. సాగు ఎవరిదని ఆఫీసరు రాస్తే చేలు వాళ్లవి.

సర్వే రోజు కోయల భూమి పండుగలో పడింది. ఆ నాలుగు రోజులు మగవాళ్లంతా వేటకు పోతారు. అది వెంకటరామారావుకు తెలుసు. అడ్డు చెప్పేవాడు ఉండడనుకున్నాడు. అవే నాలుగు రోజులు దారి ఆడవాళ్లదని మాత్రం ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. వాళ్లు దారికి అడ్డంగా తాడు కడతారు. పాట విని పైసలిచ్చేదాకా ఎవరినీ పోనివ్వరు.

బొజ్జయ్య ఆ ఉదయమే వేట నుంచి ఒట్టి చేతులతో వచ్చాడు. అడవిలో కూనిరాగం తీస్తూ నడిచేవాడికి కుందేలైనా దొరకదు. జంతువును వేటాడి తేని మగవాడి మీద పేడనీళ్లు పోయడం ఆనవాయితీ. తడిసి నిలబడ్డాడు.

"మరిదిని ఊళ్లెకు రానియ్యకుండ్రి. తాడు కాడ నిలబెట్టుండ్రి. వాయిస్తనే ఉండాలె," అంది ముత్తక్క.

తునికి చెట్టుకు మైకు హారను కట్టారు. పొద్దెక్కాక జీపు వచ్చింది. ముందు సీట్లో ఆఫీసరు, వెనక వెంకటరామారావు. తాడు దగ్గర ఆగింది. ఆఫీసరు జేబులో చెయ్యి పెట్టారు.

"పైసలొద్దు సారూ. పాట ఇనుండ్రి," అంది ముత్తక్క.

"ఎంతసేపమ్మా?"

"గీ పాట జర పొడుగుంటది."

పండుగ పాటలు కోయలో ఉంటాయి. ఆ రోజు ముత్తక్క తెలుగులో కట్టింది. బొజ్జయ్య దరువు అందుకున్నాడు. జీపు అద్దాలు అదిరాయి.

"తునికిచెట్ల కాడి చేను ఎర్రమ్మ నరికింది
మూడేండ్లు మొద్దులు పీకి జొన్న చల్లింది
వాగు ఒంపు చేను జోగమ్మది
రాయి మీద బిడ్డను పండబెట్టి దున్నింది"

చేను తర్వాత చేను. గట్టు, రాయి, చెట్టు, మనిషి. ఆడవాళ్లు వరుస కట్టి అడుగు వేశారు. డ్రైవరు స్టీరింగు మీద తాళం వేయసాగాడు. ఆఫీసరు మొదట గడియారం చూశారు. తర్వాత పెన్ను తీశారు.

"ఆ ఒంపు చేనుకు తూర్పున ఏముంది?" అని అడిగారు.

ముత్తక్క దరువు తప్పకుండా జవాబిచ్చింది. రెండు ఇప్పచెట్లు, ఒక పుట్ట, ఆపైన సింగమ్మ చేను.

"ఏంటండీ ఈ గోల! నా దగ్గర కాగితముంది కదా!" అన్నాడు వెంకటరామారావు.

ముత్తక్క మైకు ఆయన ముందు పెట్టింది.

"నీ చేనుకు నువ్వు గూడ పాడు దొరా. మా బొజ్జయ్య వాయిస్తడు."

ఆయన సర్వే నంబరు చెప్పాడు. ఆడవాళ్లు అదే నంబరును రాగం తీసి పాడారు.

"తూర్పున ఏముందండీ?" అన్నారు ఆఫీసరు.

"రోడ్డు."

ఆడవాళ్లలో నవ్వు పుట్టింది. ముసలి జోగమ్మ నవ్వలేక నేల మీద కూలబడింది. వాగుకు అటు ఇటు మైలు దూరం దాకా బండ్లబాటే తప్ప రోడ్డన్నదే లేదు.

ఆఫీసరు జీపు దిగారు. నడిచి చూస్తానన్నారు. ముత్తక్క తాడు తనే విప్పింది. పాట ముందు నడిచింది, సర్వే గొలుసు వెనక నడిచింది. పాడిన ప్రతి చెట్టూ పాడిన చోటే ఉంది. ఎండ దిగేసరికి సాగుదారుల పేర్లు రాయడం పూర్తయింది. అన్నీ ఆడవాళ్ల పేర్లే.

"ఏం రాసినవో చదువు సారూ," అంది జోగమ్మ.

ఆయన చదవడం మొదలుపెట్టారు. బొజ్జయ్య ఊరుకోలేకపోయాడు. ఒక్కో పేరుకు ఒక్కో దరువు వేశాడు. పేరు వినబడ్డ మనిషి అడుగు వేసింది. ఆఫీసరు గొంతు తనకు తెలియకుండానే దరువులో పడింది. చివరి పేరు దాకా చదివి పుస్తకం మూయబోయారు.

"మళ్ల చదువు," అన్నారు ఆడవాళ్లంతా.

ఆయన మొదటి పేజీ తీశారు.