మాక్ డ్రిల్‌లో వచ్చిన అసలు గుండెపోటు

ఆ రోజు పొద్దున్నుంచీ ఎడమ దవడ లాగుతోంది. పన్ను అనుకున్నాను. నాకు నలభై ఏడేళ్లు. ఇల్లు గోపన్‌పల్లిలో, ఉద్యోగం హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. రోజూ ఆ ట్రాఫిక్‌లో పళ్లు కొరికే మనిషికి పన్ను నొప్పి రావడంలో వింతేమీ కనిపించలేదు. సాయంత్రానికి డెంటిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుని పనిలో పడ్డాను.

భోజనాలకు ముందు ఫైర్ అలారం మోగింది. ఎవరూ కంగారుపడలేదు. మాక్ డ్రిల్ అని ముందే మెయిల్ వచ్చింది. నిప్పు ఎప్పుడు అంటుకుంటుందో క్యాలెండర్ ఇన్వైట్ పంపే సంస్థ మాది. లిఫ్టులు ఆపేశారు. తొమ్మిదో అంతస్తు వాళ్లమంతా మెట్ల దారి పట్టాం.

కొంత దిగేసరికి ఛాతీ మధ్యలో బరువు మొదలైంది. నొప్పి అనలేను, బరువే. చెమటకు చున్నీ తడిసిపోయింది. మెట్ల మలుపులో కూర్చుండిపోయాను. ఆరెంజ్ జాకెట్ వేసుకున్న సెక్యూరిటీ సూపర్‌వైజర్ యాదగిరి పరుగున వచ్చాడు.

"మేడమ్, గిక్కడ కూసుంటే ఎట్ల? క్యాజువాల్టీ పై ఫ్లోర్ల ఉన్నడు."

"నాకు నిజంగానే బాగాలేదు యాదగిరీ."

అతను నవ్వాడు. "కిరాక్ యాక్టింగ్ చేస్తున్నరు మేడమ్! ఆయన గూడ గదే డైలాగ్ చెప్తుండు."

ప్రతి డ్రిల్‌లోనూ ఒకరికి గాయపడ్డ వేషం వేసి స్ట్రెచర్ మీద దించుతారు. ఆ మనిషికి నేర్పిన మాట, "నాకు నిజంగానే బాగాలేదు". ఊపిరాడని స్థితిలో అంతకంటే మంచి వాక్యం నాకు తట్టలేదు. దాన్ని అప్పటికే వాడేశారు. పక్కనుంచి దిగుతున్న మా మేనేజర్ బొటనవేలు ఎత్తి చూపించి, ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నాడు.

"జర లేవండి మేడమ్, స్ట్రెచర్ వస్తుంది, దారి కావాలె," అన్నాడు యాదగిరి. గోడ పట్టుకుని లేచి మరో అంతస్తు దిగాను. అక్కడ స్ట్రెచర్ నన్ను అందుకుంది. దాని మీద టెస్టింగ్ టీమ్ ప్రవీణ్, నుదుటికి కట్టు, కట్టు మీద ఎర్ర సిరా, హాయిగా పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఆపుండ్రి భయ్! ఆమె మొహం చూడుండ్రి, తెల్లగైపోయింది!"

"నువ్వు లేవకు తమ్మీ, కింద ఫోటో ఉంది," అన్నాడు యాదగిరి.

"ఫోటో తర్వాత దిగుదాం అన్నా! నేనేం సచ్చిపోతలేను. ఆమెను ఎక్కించుండ్రి."

అంతసేపటిలో నన్ను నమ్మింది ఆ ఉత్తుత్తి రోగి ఒక్కడే. 

డ్రిల్ కోసం తెప్పించిన ఆంబులెన్స్ కింద ఉంది. అదృష్టమే. కానీ గేటుకు వెళ్లే దారినే అసెంబ్లీ పాయింట్‌గా పెట్టారు. కంపెనీ అంతా అక్కడ నిలబడి ఉంది. స్ట్రెచర్ మీద నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అన్ని చప్పట్లు పడడం అదే మొదటిసారి. ఎవరూ వెంటనే కదల్లేదు. కదిలితే అంతస్తుల వారీ లెక్క తప్పుతుందట. చివరికి ప్రవీణ్ నెత్తురు కట్టుతో ముందు పరుగెత్తుతూ, అరుస్తూ దారి చేశాడు.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. "ఎస్‌టీ ఎలివేషన్ ఉంది. ఇన్‌ఫీరియర్ వాల్ ఎంఐ, గుండెపోటే. క్యాథ్ ల్యాబ్ రెడీ చేయండి," అన్నారు డాక్టరు గారు. తర్వాత నా వైపు తిరిగి, "మెట్లు దిగి వచ్చారా? ఎవరు దిగమన్నారండీ?" అని అడిగారు.

"సేఫ్టీ వాళ్లు," అన్నాను. ఆయన నవ్వలేదు.

గుండెకు వెళ్లే కుడి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. ఐసీయూలోకి మా వారు వచ్చి, "ఆఫీసులో ఎవరికైనా చెప్పావా?" అన్నారు. "చెప్పానండీ. అందరూ మెచ్చుకున్నారు," అన్నాను. మందుల మత్తు అనుకున్నట్టున్నారు, దుప్పటి సర్దారు.

ఇంటికి వచ్చాక ఆయాసం పట్టుకుంది. కూర్చున్నా ఊపిరి చాలదు. స్టెంట్ మళ్లీ మూసుకుపోయిందేమోనని ఇద్దరం ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరు గారు ఎకో చేసి, "పంపింగ్ బాగానే ఉందమ్మా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన టాబ్లెట్‌తో కొందరికి ఇలా ఉంటుంది. మారుద్దాం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి," అన్నారు. మార్చాక సర్దుకుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడడం మాత్రం ఇంకొన్నాళ్లు సాగింది.

తిరిగి ఆఫీసుకు వెళ్లిన రోజు ఫెసిలిటీస్ మేనేజర్ వెంకటరెడ్డి గారు ఎదురొచ్చారు. కడప మనిషి, మర్యాదస్తుడు.

"మేడమ్, మీ వల్ల మన డ్రిల్‌కు హెడ్డాఫీసులో చానా పేరొచ్చె. భలే రియలిస్టిక్‌గా ఉండెనంట."

"నిజం కాబట్టండీ."

"అదే మేడమ్ నేనూ చెప్పేది!"

నేను రెండే అడిగాను. అసెంబ్లీ పాయింట్‌ను ఆంబులెన్స్ దారి నుంచి తప్పించండి. డ్రిల్ మధ్యలో ఎవరికైనా నిజంగా ఏమైనా అయితే అనడానికి, వేషగాళ్లకు నేర్పని ఒక మాట పెట్టండి. ఆ మాట వినగానే డ్రిల్ ఆగాలి, లిఫ్టు నడవాలి. బాగుందన్నారు. విదేశంలో ఉన్న సేఫ్టీ టీమ్ ఒప్పుకోవాలన్నారు. సబ్‌కమిటీ వేసి నన్నే సభ్యురాలిని చేశారు. స్ట్రెస్ వద్దన్న డాక్టరు మాట పక్కనపెట్టి మీటింగులకు వెళ్లాను. ప్రతి మీటింగులోనూ తర్వాతి మీటింగు ఎప్పుడో చక్కగా తేల్చారు. నాకు గుండె కండరం కొంత పోయింది, వాళ్లకు సమయం కుదరడం లేదు.

చివరికి మా అంతస్తు వాళ్లమే "డ్రిల్ బంద్" అనే మాట అనుకున్నాం. యాదగిరిని కూడా కలుపుకున్నాం. మెట్ల దగ్గర జరిగింది అతన్ని బాగా కుదిపినట్టుంది. "మీరు ఫికర్ చేయకుండ్రి మేడమ్, మా గార్డులందరికీ నేను చెప్త," అన్నాడు.

తర్వాతి డ్రిల్‌లో మా టీమ్ లావణ్య, అయిదో నెల గర్భిణి, మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. "డ్రిల్ బంద్" అంది, సన్నగానే. యాదగిరి వాకీటాకీలో అదే మాట గట్టిగా అరిచాడు. జనం ఆగారు, లిఫ్టు కదిలింది, వీల్‌చైర్ వచ్చింది. బీపీ పడిపోయింది, అంతే. గంటలో తేరుకుంది.

వెంకటరెడ్డి గారు దిగాలుగా వచ్చారు. "ఏం మేడమ్, ఇట్ల జేస్తిరే! ఈ తూరి రికార్డు టైమ్ వచ్చేదుండె." సారీ చెప్పాను. అంత సంతోషంగా నేనెప్పుడూ సారీ చెప్పలేదు. 

ఇప్పుడు రోజూ పొద్దున నడుస్తున్నాను, మాత్రలు మానడం లేదు. సబ్‌కమిటీ కూడా ఆరోగ్యంగానే ఉంది. మీ ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో డ్రిల్ పెడితే, బెల్ మోగకముందే అలాంటి మాట ఒకటి అందరూ అనుకోండి. ఛాతీలో బరువు, దవడ లాగడం, చెమట పట్టడం లాంటివి ఉంటే మెట్లు దిగకండి. ఉన్నచోటే కూర్చుని ఆ మాట అనండి. ఏమీ లేదని తేలితే పాడయ్యేది డ్రిల్ ఒక్కటే.