మా వాకిట్లో కాలిసారె

పోయిన వారం మా పెద్దబాపు కొడుకు, నాకు వరసకు అన్న, కొత్తగా తెచ్చుకున్న కరెంటు కుమ్మరిసారెకు పూలదండ వేసి, కుడికాలితో కింద పెడలు నొక్కుతూ కుండ చేస్తున్న వీడియోను చుట్టాలందరి ఫోన్లకూ పంపాడు. అందరూ దండాలు పెట్టారు, నేను పెట్టలేదు. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ కుండను కాదు, ఆ కాలినే చూశాను. పాతవన్నీ మనసులో పెట్టుకుంటానని ఇంట్లో నాకు పేరుంది. పెట్టుకుంటాను మరి, నన్నన్న మాటలు నేను కాక ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు?

బాన్సువాడలో మా కుమ్మరి ఇళ్ళల్లో చేత్తో తిప్పే సారెలు తప్ప వేరేవి ఎరగని రోజులవి. మీలో నా వయసువాళ్ళు చూసే ఉంటారు, సారె అంచున ఉన్న గుంటలో కట్టె పెట్టి, భుజబలమంతా ఉపయోగించి గిరగిర తిప్పి, అది తిరుగుతున్నంతసేపట్లోనే కుండ లేపాలి. కోటగిరి దారిలో ఆటో బోల్తాపడి మా బాపు కుడిభుజం జారింది. వేళ్ళు బాగానే ఉన్నాయి గానీ చెయ్యి ఛాతీకి మించి లేవదు. నేను తిప్పి చూస్తే సారె వణికింది, బాపు వేళ్ళ కింద కుండ సొట్టపోయింది. సరిగ్గా అప్పుడే, తాతలనాటి నుంచి మేము పెళ్ళికుండలు ఇచ్చే ఒక రైతుల ఇంట్లో పెళ్ళి కుదిరింది. నెలరోజులే గడువు. ఆ ఐరేని కుండలు ఉత్త కుండలు కావు, పెళ్ళివాళ్ళు మేళంతో కుమ్మరి వాకిటికి వచ్చి, పూజచేసి, నెత్తిన పెట్టుకుని తీసుకుపోయేవి. ఒక్కసారి ఇవ్వలేకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది. రెండు రోజులు వచ్చి సారె తిప్పిపొమ్మని అమ్మ పెద్దబాపును అడిగితే, మీకెందుకా తిప్పలు, ఇగ ఆ కుండలు నేనే ఇస్తలే అన్నాడట.

అప్పట్లో నేను బస్టాండు దగ్గర వెల్డింగు షాపులో పనిచేసేవాణ్ణి. కాలితో తిప్పే సారెను నిజామాబాదులో ఒక్కసారి చూశాను, అంతే, కొలతలు తెలియవు. విరిగిన ఎడ్లబండి చక్రం ఇనుప పట్టాను వాకిట్లో పరిచి, నడుమ పాత చెరుకు గానుగ ఇరుసు నిలబెట్టి, పట్టా నిండా సిమెంటూ కంకరా పోసి బరువైన చక్రం చేశాను. ఇరుసు మీద చెక్క పలక, పక్కన కూర్చోవడానికి బల్ల. కాలితో కింది చక్రాన్ని తంతే పై పలక తిరగాలి. పది రోజులు తడిగోనె కప్పి, ఎక్కడ పగులు పడిందోనని రోజుకు పదిసార్లు వేళ్ళతో తడుముకున్నాను. తీరా నిలబెట్టి తిప్పితే చక్రం ఒకవైపు ఒరిగి ఊగింది. పెళ్ళికి పదిహేను రోజులే ఉన్నాయి. కుండలు లేవాలి, ఆరాలి, కాలాలి, అన్నాళ్ళూ వాన పడకూడదు. తేలికగా ఉన్నవైపు ఇనుప ముక్కలు ఒక్కొక్కటే కట్టి చూసుకుంటూ, ఆ ఊపు పోయేసరికి ఇంకో రెండు రోజులు కరిగిపోయాయి.

బాపు బల్ల మీద కూర్చుని మట్టిముద్ద పలకపై పెట్టాడు గానీ కాలు కిందికి దించలేదు. పొరపాటున సారెకు పాదం తగిలితే చెంపలేసుకునే మనిషి ఆయన.

"దేవునికి కాలు తాకిచ్చినట్టయితదిరా," అన్నాడు.

"గట్లయితే పెద్దబాపునే ఇయ్యమను," అన్నాను నేను.

బాపు కళ్ళు మూసుకుని చక్రాన్ని తన్నాడు.

పెళ్ళివాళ్ళు ట్రాక్టరులో మేళంతో వచ్చిన పొద్దున, సారె మీద టార్పాలిన్ కప్పమని అమ్మ బతిమాలింది, నేను కప్పనివ్వలేదు. పెద్దబాపు ముందే చెవిన వేశాడని పెళ్ళికూతురి నాయనమ్మ ముఖం చూడగానే తెలిసిపోయింది. పసుపు పళ్ళెం పట్టుకున్న ఆమె కుండల ముందు ఆగింది, మేళమూ ఆగింది.

"కాళ్ళతోని తన్ని చేసిన్రట గదనే?" అని అమ్మను అడిగింది.

"నేను చెప్పలేదా అవ్వా, మా తమ్ముని కొడుకు ఇంట్ల మిల్లు పెట్టిండు," అన్నాడు గోడ దగ్గర నిలబడ్డ పెద్దబాపు. ఇద్దరు నవ్వారు. వాళ్ళెవరో నాకిప్పటికీ గుర్తే.

అమ్మ తలెత్తకుండానే, "మన్ను తొక్కింది దేంతోని అవ్వా? నీ లగ్గం కుండల మన్ను గూడ మా అత్త కాళ్ళతోనే తొక్కింది," అంది.

ముసలామె వంగి కుండను వేలితో కొట్టి చూసింది. "సప్పుడు మంచిగనే ఉన్నది. మేళం కొట్టున్రి," అంది.

గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రమే బాపు తన అన్న ఇంటికి పోయి, ఇకనుంచి ఐరేని కుండలు నువ్వే ఇవ్వు, నేను నీళ్ళకుండలూ పూలకుండీలూ చేసుకుంటానని చెప్పి వచ్చాడు. నన్నొక్క మాట అడగలేదు. బతికినన్నాళ్ళూ ఆ కాలిసారె తొక్కాడు, దానిమీదే మా ఇల్లు గడిచింది, ఒక్క పెళ్ళికుండ మాత్రం మళ్ళీ చేయలేదు. నా పెళ్ళికి కూడా పెద్దబాపు కుండలే వచ్చాయి. నేను రెండు రోజులు అన్నం మానేసినా బాపు మాట మార్చుకోలేదు. పెద్దబాపు మీద కోపమని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. బాపు మీద అని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

ఇప్పుడు బజారులో అద్దాలు అతికించి రంగులేసిన ఐరేని కుండలు పెళ్ళిసామాన్ల దుకాణాల్లో వరసగా పేర్చి ఉంటున్నాయి. మొన్న ఎవరో పెళ్ళివాళ్ళు కొంటుంటే ఆగి చూశాను. చీరల రంగుకు కలిసేవి ఏరుకుని, కారు వెనక సీట్లో పెట్టుకుని పోయారు. ఏ ఊరి మట్టి, ఏ సారె మీదివి, ఎవరు చేశారు అని వాళ్ళు కాకపోతే తర్వాత వచ్చేవాళ్ళయినా అడుగుతారేమోనని, కాసేపు అక్కడే నిలబడ్డాను.