ఒకటి రెండు చోట్ల చెంచయ్య

చెంచయ్యకి ఆకాశం మీద నమ్మకం లేదు.

నేల మీదా అంతంతమాత్రమే గానీ, ఆకాశం దగ్గరికొచ్చేసరికి ఆయన అనుమానానికి హద్దుండేది కాదు. మబ్బు పడితే అనుమానం, వాన వస్తుందేమోనని. మబ్బు లేకపోతే ఇంకా పెద్ద అనుమానం, ఎక్కడ దాచారోనని. నడి ఎండాకాలంలో కూడా చంకలో గొడుగు లేకుండా గడప దాటేవాడు కాడు. సొంత మేనల్లుడి పెళ్లిలో, పందిట్లో కూర్చుని, తాటాకుల సందులోంచి కనిపించిన పిసరంత మబ్బుని చూసి టపీమని గొడుగు విప్పాడు. సరిగ్గా అప్పుడే అక్షింతలు వేశారు. వెనక వరసలవాళ్లు వేసినవన్నీ ఆ గొడుగు మీదే రాలాయి. పెళ్లికొడుక్కి దక్కాల్సిన దీవెనలు మా ఆయన కాజేశాడని సుబ్బరావమ్మ ఇప్పటికీ అంటుంది.

ధనుర్మాసంలో హరిదాసు వీధిలోకొస్తే అందరూ బియ్యం తెచ్చి పోస్తారు. చెంచయ్య మాత్రం ముందు ఆయన పంచె అంచు పట్టుకుని చూసేవాడు.

"తడిగా ఉందేం దాసుగారూ? ఏ ఊళ్లో కురిసింది?"

నెత్తిన అక్షయపాత్ర ఉండగా హరిదాసు ఎవరితోనూ మాట్లాడడు. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. చెంచయ్య మాత్రం భార్య వైపు తిరిగి గొంతు తగ్గించేవాడు.

"చూశావా, నోరు విప్పట్లేదు. ఈయనకేదో తెలుసే."

ఇక రేడియో సంగతి. కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడే అవకాశం ఉందని రేడియోలో వినపడగానే ఆయన లేచి నిలబడేవాడు.

"ఒకటి రెండు చోట్లంటే ఎక్కడా అని? ఊరి పేరు చెప్పడానికి నొప్పేంటంట?"

"అంత పెద్ద కోస్తాలో వానకి మన కల్లమే దొరికిందా?" అనేది సుబ్బరావమ్మ.

"వేరేవాళ్లదైతే పేరు చెప్పేసేవాళ్లే. దాస్తున్నారంటే మనదే!"

అలా చెంచయ్య మిరపకాయల కల్లానికి 'ఒకటి రెండు చోట్ల' అనే పేరు స్థిరపడిపోయింది. పేట నుంచి బస్సు దిగినవాళ్లు ఆయన ఎక్కడున్నాడని అడిగితే, "ఎక్కడుంటాడు, ఒకటి రెండు చోట్ల ఉంటాడు" అని ఊరి చివర మలుపు వైపు చూపించేవాళ్లు.

ఆ మలుపులో పక్క కల్లమూ, దాని వెనక పక్క పొలమూ లక్ష్మీదుర్గవి. చెంచయ్య ఆమెకి వరసకి బాబాయ్. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరాన్ని ఇన్నేళ్లూ కౌలుకిచ్చారు. ఈ ఏడు తనే మిరప వేస్తానని దుర్గ పట్టుబట్టింది. మొగుడు శ్రీకృష్ణ పేటలో ఎరువుల కొట్లో గుమాస్తా. ఎరువు అమ్మడమంటే ఇష్టమే గానీ, అది చల్లే చోటికి రమ్మంటే ఆ మనిషికి ఎక్కళ్లేని పనులూ గుర్తొస్తాయి. పొలం చేసేది ఆమె, విసుక్కునేది ఆయన.

మొదటి కోత కోసి కాయ కల్లంలో పోశారో లేదో, శ్రీకృష్ణ ఇరుముడి కట్టుకుని శబరిమలకి బయల్దేరాడు. మాల వేసుకున్నాక ఆడవాళ్లెవరినైనా 'మాతా' అనే పిలవాలి కాబట్టి, మాతా అంటూనే బెదిరించాడు.

"మాతా, నేనొచ్చేసరికి కాయ ఎరుపు తగ్గకుండా ఉండాలి. తడిసి తాలు తేలిందా, వచ్చే ఏడు మళ్లీ కౌలే. ఇంక నన్నేమీ అనకూడదు."

"తేలదు స్వామీ. మీరు క్షేమంగా వెళ్లిరండి," అంది దుర్గ. మిరపకాయ తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది. అదే తాలు. నాటిన నాటి నుంచి వంగిన నడుం వంగినట్టే ఉంచి పెంచిన పైరు. అది తాలైతే పొలమూ పోతుంది, 'నేను చెయ్యగలను' అన్న మాటా పోతుంది.

అసలే క్రిస్మస్ పండగ. కోతకొచ్చే కూలీలంతా పండగలకి ఆగిపోయారు. కొత్త సంవత్సరం వెళ్లాకే మళ్లీ పనికొస్తామని మేస్త్రి కొండమ్మ ముందే చెప్పేసింది. కల్లంలో దుర్గ ఒక్కతే. ఆ పక్కన అనుమానాల చెంచయ్య.

ఆ వారం వాతావరణానికి కూడా మతి నిలకడగా లేదు. క్రిస్మస్ పొద్దున చర్చి మైకు వినపడుతోందిగానీ చర్చి కనపడలేదు, అంత మంచు. పదింటికల్లా చెమటలు పట్టే ఎండ. భోజనాల వేళకి మబ్బు. సాయంత్రం నాలుగు చినుకులు రాలి, ఏమీ ఎరగనట్టు చుక్కలొచ్చేశాయి. మర్నాడు చలిగాలి, ఆ మర్నాడు ఉక్క. స్వెట్టరు వేసుకున్నవాళ్లు విప్పేలోపు గొడుగు వెతుక్కోవాల్సొచ్చింది.

చెంచయ్యకి మాత్రం క్షణం తీరికలేదు. "అమ్మాయ్, పట్ట కప్పేయ్!" అని కేకేసేవాడు. దుర్గ పరిగెత్తుకెళ్లి టార్పాలిన్ పట్ట లాగి, చుట్టూ రాళ్లు పేర్చి, నడుం ఎత్తేసరికి ఆయన తన పట్ట తీసేస్తూ కనిపించేవాడు.

"ఇప్పుడేగా బాబాయ్ కప్పమన్నావ్?"

"అప్పుడు మబ్బొచ్చింది. ఇప్పుడు పోయింది. ఎందుకు పోయిందంటావ్?"

"పోతే మంచిదేగా!"

"అదే నా అనుమానం," అనేవాడు.

రెండ్రోజులు ఆయన చెప్పినట్టల్లా ఆడి, దుర్గకి రెక్కలు పడిపోయాయి. మూడో రోజు ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. ఒకసారి కప్పితే గొడవ వదిలిపోతుందని, పట్ట కప్పేసి ఎండొచ్చినా తియ్యలేదు. అదే రోజు కొండమ్మ పండగ కేకు ముక్కలు పట్టుకుని వచ్చింది. కేకుతో పాటు కబురూ తెచ్చింది.

"అమ్మా, చెప్పకూడదు గానీ, మీ బాబాయిగారు టీ కొట్టు దగ్గర మీ చేను గురించి ఏమంటున్నారో విన్నారా?"

"ఏమంటున్నాడు?"

"చౌడు తేలిందంట, నేలంతా ఉప్పేనంట. ఈసారి కాయ కాసిందంటే అది చేను చలవ కాదంట, అమ్మాయి అదృష్టమంట. ఇంకో ఏడు ఎవరు దున్నినా నాగలి అరగడమే గానీ గింజ రాదంట. పోయినోడూ వచ్చినోడూ అందరికీ చెప్తున్నారు!"

దుర్గకి చేతిలో కేకు చేతిలోనే ఉండిపోయింది. తన చేలో చౌడా? ఉసిరికాయంత మట్టి తీసి నలిపితే నల్లగా వెన్నలా ఉండే నేలకా ఆ మాట? ఎందుకంటున్నట్టు? ఆలోచించేకొద్దీ ఒకటే తోచింది. పొలం చెడ్డదని ఊరంతా నమ్మిస్తే, రేపు కౌలుకిచ్చేటప్పుడు అడిగేవాడుండడు. అప్పుడు పక్క పొలం వాడే దయతలిచి తీసుకుంటాడు. కప్పమని, తియ్యమని, తనని అటూ ఇటూ పరిగెత్తించింది కూడా కాయ చెడగొట్టడానికేనేమో. ఇన్నేళ్లూ ఊరు నవ్వుకున్న అనుమానం వెనక ఇంత లెక్క ఉందా అనుకుంది. బాబాయ్ అని పిలిచిన నోరు చేదెక్కింది.

ఆ మర్నాడు ఎండ బాగా కాస్తున్నప్పుడు దుర్గ అన్నం తిని కల్లానికొచ్చేసరికి చెంచయ్య ఆమె రాశి దగ్గరే ఉన్నాడు. పట్ట సగం లాగేశాడు. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడిస్తున్నాడు.

"ఏంటి బాబాయ్ అది? నా కాయతో నీకేం పని?"

"గింజ మోగట్లేదమ్మాయ్. లోపల ఉడుకుతోంది. నాకు రాత్రే అనుమానమొచ్చింది."

"నీకెప్పుడు రాలేదు గనక! చేలో చౌడు కూడా అనుమానమేనా? నా కాయ, నా పట్ట. ఇంకోసారి చెయ్యేస్తే పిన్నికి కాదు, ఊరంతటికీ చెప్తాను."

చెంచయ్య ఒక్కసారి ఆమె మొహంలోకి చూశాడు. కాయ కింద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగాక దుర్గ రాశిలో చెయ్యి పెట్టింది. వేడి వేడిగా, చెమ్మగా తగిలింది. ఇంకో పూట కప్పి ఉంచితే బూజు పట్టేది. గబగబా పట్ట మొత్తం లాగేసి సాయంత్రం దాకా కాయ ఎండలో పరిచింది. అయినా కోపం తగ్గలేదు. మంచి మాట చెప్పినవాడు చెడ్డ మాట ప్రచారం చెయ్యడా ఏంటి?

డిసెంబరు ముప్పై ఒకటిన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఒక్క మనిషి తప్ప. చెంచయ్య కల్లంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఇంత శుభ్రంగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చింది? ఎవరికోసం ఈ వేషం?"

దుర్గ వినీ వినిపించుకోలేదు. పంతానికి కాయ మొత్తం బారెడు బారెడు పరిచి, పట్ట మడిచి పక్కన పడేసి, మర్నాటి ముగ్గులోకి రంగులు కొనడానికి పేట బస్సెక్కింది. ఇంటి ముందు 'హ్యాపీ న్యూ ఇయర్' అని రాసి చుట్టూ నెమళ్లు వెయ్యాలని ఆశ.

రంగుల పొట్లాలు కట్టించుకుంటుండగా కొట్టు రేకుల మీద వాన దబదబా మొదలైంది. జల్లు కాదు, కుండపోత. దుర్గ రోడ్డు మీదికి ఉరికింది. ఆటో దొరికి, ఊరి మలుపులో దిగేసరికి నిలువునా తడిసిపోయింది. పొట్లాల్లో రంగులన్నీ కలిసిపోయి చీర మీద నెమలి తయారైంది. ఏడుస్తూ కల్లంలోకి పరిగెత్తింది.

పరిచిన కాయ లేదు. అంతా ఒక్కచోటికి ఎగదోసి రాశి పోసి ఉంది. దాని మీద తన మాసికల పట్ట. దాని మీద చెంచయ్య కొత్త నీలం పట్ట. గాలికి లేచిపోతున్న ఒక మూల మీద, రాయి బదులు చెంచయ్యే కూర్చుని ఉన్నాడు. గొడుగు ఎప్పుడో తిరగబడింది. అయినా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

పక్కన ఆయన రాశి మీద గోనె సంచులూ, సుబ్బరావమ్మ పాత చీరలూ పరిచి ఉన్నాయి. అవి చాల్లేదు. సగం కాయ తడిసి నీళ్లోడుతోంది.

"బాబాయ్! నీ పట్ట నా కాయ మీదేంటి?"

"అరవకు, వింటుంది," అన్నాడు ఆయన పైకి చూపిస్తూ. "దానికి నా పట్ట రంగు తెలుసమ్మాయ్. నీలం కనిపిస్తే చాలు, అక్కడే కురుస్తుంది. అందుకని నీ దాని మీద వేసి మోసం చేశాను. వాన నీ మీదికి మళ్లిద్దామనే నా ఎత్తు. నువ్వేం మంచిగా అనుకోకు."

"మరి నీ కాయ తడిసిందిగా!"

"అదే అర్థం కాలేదు. ఎవరో చెప్పేశారు దానికి."

"ఎవరు చెప్తారండీ, మీరు తప్ప!" అంది సుబ్బరావమ్మ తడిసిన చీర పిండుతూ. "పట్ట ఇక్కడ కప్పమని నేను మొత్తుకుంటే, అమ్మాయి పంతానికి పోయిందే, పాపం చిన్నపిల్ల అంటూ అటు పరిగెత్తారు."

దుర్గకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత మనిషినా తను దొంగలా చూసింది అనుకుంటే సిగ్గేసింది. వెళ్లి రెండో మూల మీద తనూ కూర్చుంది. వాన తగ్గే దాకా బాబాయ్ ఆకాశాన్ని తిడుతూనే ఉన్నాడు, ఆమె ఊఁ కొడుతూనే ఉంది.

కొత్త సంవత్సరం ఎండతో వచ్చింది. అందరి ఇళ్ల ముందూ ముగ్గులు పడ్డాయి గానీ దుర్గ చెంచయ్య కల్లంలోనే ఉంది, తడిసిన ఆయన కాయని తిరగేస్తూ. అందులో కొంత తాలు తేలింది. దుర్గ కాయ మాత్రం నిగనిగలాడే ఎరుపు.

ఆ మర్నాడు అరవణ పాయసం డబ్బాలతో శ్రీకృష్ణ దిగాడు. మాల తీసేశాడు కాబట్టి మాతా పోయి దుర్గా వచ్చింది. కాయ చూసి తెల్లబోయాడు. సంతోషించాల్సినవాడు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"కాయ బాగుందిగా, ఇంకా ఏంటి?" అంది దుర్గ.

"అది కాదే. దార్లో మీరా హుస్సేన్ కనిపించాడు. వచ్చే ఏడు పొలం కౌలుకి వద్దంటున్నాడు. చౌడంట!"

"మీరా హుస్సేన్‌కి కౌలేంటి? నేనెప్పుడిచ్చాను?"

శ్రీకృష్ణ నాలిక్కరుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా బయటపడింది. శబరిమల వెళ్లే ముందు రోజే, టీ కొట్టు దగ్గర, కాయ ఎలా ఉన్నా సరే ఉగాదికి పొలం ఇచ్చేస్తానని మాట ఇచ్చేసి వెళ్లాడు.

"అప్పుడక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరే. మీ చెంచయ్య బాబాయ్ ఒక్కడే, బల్ల మీద కూర్చుని మబ్బులు చూస్తున్నాడు."

దుర్గ మొగుడి మొహంలోకి తేరిపార చూసింది. నాలుగు రోజులు అనుమానపడింది గానీ మనిషిని తప్పు ఎంచుకుంది. శ్రీకృష్ణ అరవణ డబ్బా ముందుకు చాపాడు. ఆమె తీసుకుని, మూత మళ్లీ గట్టిగా బిగించి, దాన్ని పట్టుకుని నేరుగా పక్క కల్లానికి వెళ్లింది.

"బాబాయ్, మా చేలో చౌడుందని చెప్పావంటగా?"

"ఉందేమోనని అన్నాను. ఉందని అనలేదు," అన్నాడు చెంచయ్య, డబ్బా మూత వాసన చూస్తూ. "ఇది ఏ నెలలో చేశారంటావ్?"

"మరి దున్నేది నేనైతే, ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే పొలం వదిలేస్తావేమోనని."

ఇంకేం అడగలేదు దుర్గ. అడిగితే ఇంకో అనుమానం పుట్టిస్తాడని తెలుసు. ఆ సాయంత్రం ఆమే టీ కొట్టు దాకా నడిచి, పదిమంది వినేలా నిట్టూర్చింది.

"ఏం చెప్పమంటారు, చెంచయ్య బాబాయ్ అన్నది నిజమే. పొద్దునే చూశాను, గట్టు పక్కన తెల్లగా చౌడు. ఎవరు తీసుకుంటారులెండి. నా ఖర్మ, నేనే చేసుకోవాలి."

బొట్టు కన్నీరు కూడా పెట్టుకుంది. అందరూ అయ్యో అన్నారు.

మర్నాడు మంచు విడవకముందే దుర్గ పొలానికెళ్లింది. గట్టు పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్లి చూస్తే చెంచయ్య. చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"నిన్న నువ్వు చెప్పిన తీరు చూశాక నాకనుమానమొచ్చిందమ్మాయ్," అన్నాడు, ఇంకో చిటికెడు నోట్లో వేసుకుంటూ.